నక్షత్రం గుర్తు ఎందుకు మిగల్లేదు? భారత ఉదారవాద పార్టీల చరిత్ర

1967 ఎన్నికల్లో లోక్‌సభలో కాంగ్రెస్ బలం 283కి పడిపోయింది. రెండో స్థానం కమ్యూనిస్టులకు దక్కలేదు, జనసంఘ్‌కూ దక్కలేదు. 44 మంది సభ్యులతో స్వతంత్ర పార్టీ ఆ స్థానంలో నిలబడింది. దాని గుర్తు నక్షత్రం. వ్యవస్థాపక అధ్యక్షుడు గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెందిన ఆచార్య ఎన్.జి. రంగా. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 29 స్థానాలు గెలిచి ప్రధాన ప్రతిపక్షమైంది కూడా ఆ పార్టీయే. ఏడేళ్లు తిరిగేసరికి అది మరో పార్టీలో కలిసిపోయింది. ఇవాళ యాభై ఏళ్ల లోపు వాళ్లలో చాలామందికి ఆ పేరే తెలియదు.

ఎందుకు పోయిందని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు ఒక్కటే: అది రాజులూ కోటీశ్వరులూ పెట్టుకున్న పార్టీ, పేద దేశంలో ఎలా బతుకుతుంది? ఇందులో నిజం ఉంది. కానీ సగం నిజమే. రాజస్థాన్‌నో ఒరిస్సానో చూసి చెప్పిన ఈ జవాబు కృష్ణా, గుంటూరు, శ్రీకాకుళం జిల్లాల్లో జరిగినదానికి సరిపోదు. ఇక్కడ ఆ జెండా పట్టింది పట్టాదారు రైతు. ఆ తేడాను పక్కన పెడితే ఈ దేశంలో ఉదారవాద పార్టీల కథ అర్థం కాదు.

‘ఉదారవాదం’ అన్న మాటే మనకు కొంత అడ్డం. ఉదారం అనగానే దానం, దయ, పెద్ద మనసు గుర్తొస్తాయి. రాజకీయంలో దాని అర్థం వేరు. పౌరుడి ప్రాణానికీ మాటకూ ఆస్తికీ వృత్తికీ ప్రభుత్వం నుంచి రక్షణ ఉండాలి, ప్రభుత్వం చట్టానికి లోబడి నడవాలి, అధికారం ఒక్కచోట పోగుపడకూడదు. సారం ఇదే. ఇందులో ఒకరు మరొకరికి దయతలచి ఇచ్చేది ఏమీ లేదు.

ఈ దేశంలో లిబరల్ అన్న పేరు పెట్టుకున్న మొదటి పార్టీ కాంగ్రెస్ కడుపులోంచే పుట్టింది. 1907లో సూరత్‌లో మితవాదులు, అతివాదులు విడిపోయారు. తర్వాత మళ్లీ కలిశారు గాని మనసులు కలవలేదు. 1918లో భారతీయులకు పాలనలో కొంత వాటా ఇవ్వజూపిన మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ నివేదిక వచ్చినప్పుడు, ఇచ్చింది తక్కువే అయినా పుచ్చుకుని పనిచేయాలని మితవాదులు అన్నారు. కాంగ్రెస్ ఒప్పుకోలేదు. ఆ ఏడాది నవంబరులో సురేంద్రనాథ్ బెనర్జీ అధ్యక్షతన బొంబాయిలో వాళ్లు వేరే మహాసభ పెట్టుకున్నారు. అదే నేషనల్ లిబరల్ ఫెడరేషన్ అయింది. తేజ్ బహదూర్ సప్రూ, శ్రీనివాస శాస్త్రి, శివస్వామి అయ్యర్, చిమన్‌లాల్ సెతల్వాద్ వంటి ఉద్దండులు అందులో ఉన్నారు.

వాళ్లలో ఒక తెలుగువాడి పేరు ప్రత్యేకంగా చెప్పాలి. చిర్రావూరి యజ్ఞేశ్వర చింతామణి 1880లో విజయనగరంలో పుట్టారు. ఎక్కడో అలహాబాదు వెళ్లి, 1909లో మొదలైన ‘లీడర్’ పత్రికకు సంపాదకుడై, ఆ పత్రికను ఉత్తర భారతంలో లిబరల్ ఆలోచనకు ప్రధాన వేదికగా మలిచారు. 1921లో సంయుక్త రాష్ట్రాల్లో, అంటే నేటి ఉత్తరప్రదేశ్ ప్రాంతంలో, విద్యా మంత్రి అయ్యారు. గవర్నర్‌తో పొసగక 1923లో రాజీనామా చేసి బయటికొచ్చారు. మితవాదులు తెల్లదొరలకు తల వంచేవాళ్లని ఒక ముద్ర ఉంది. మంత్రి పదవిని గడ్డిపోచలా వదిలేసిన చింతామణి లాంటి వాళ్లను చూస్తే ఆ ముద్ర ఎంత అన్యాయమో తెలుస్తుంది. సొంత రాష్ట్రంలో ఆయన్ని గుర్తు పెట్టుకున్నవాళ్లు తక్కువ కావడం బాధాకరం.

అయితే ఆ పార్టీకి జనం లేరు. 1920లో కాంగ్రెస్ ఎన్నికలను బహిష్కరించింది కాబట్టి లిబరళ్లు మంత్రులయ్యారు. 1923లో కాంగ్రెస్‌లోంచే వచ్చిన స్వరాజ్య పార్టీ బరిలోకి దిగేసరికి కొట్టుకుపోయారు. కాంగ్రెస్‌కు రెండుసార్లు అధ్యక్షుడైన సురేంద్రనాథ్ బెనర్జీనే ఆ ఎన్నికల్లో బిధాన్ చంద్ర రాయ్ అనే యువ డాక్టర్ ఓడించాడు. గాంధీ ఉద్యమం ఊరూరికీ పాకుతున్న కాలంలో లిబరళ్లు ఏడాదికోసారి మహాసభ జరుపుకుని, చక్కటి ఇంగ్లీషులో తీర్మానాలు చేసి ఇళ్లకు వెళ్లేవాళ్లు. వాళ్లకు గ్రామ శాఖలు లేవు, సభ్యత్వ పుస్తకాలు లేవు, జైలుకెళ్లే అలవాటు లేదు.

చేసిన మేలు మాత్రం చిన్నది కాదు. 1931 గాంధీ-ఇర్విన్ ఒప్పందం కుదరడానికి సప్రూ, జయకర్ నెలల తరబడి జైళ్లకూ వైస్రాయి భవనానికీ మధ్య తిరిగారు. 1932 పూనా ఒడంబడికలోనూ వాళ్ల చెయ్యి ఉంది. 1928 మోతీలాల్ నెహ్రూ నివేదికలో ప్రాథమిక హక్కుల జాబితా చేరినప్పుడు సప్రూ ఆ కమిటీ సభ్యుడు. తర్వాత మన రాజ్యాంగంలోకి వచ్చిన హక్కుల వెనక ఈ తరం శ్రమ ఉంది. ఉదారవాదులు ఈ దేశానికి హక్కులు రాయడంలో సాయపడ్డారు, ఓట్లు అడగడంలో ఓడిపోయారు. ఈ తీరు తర్వాత కూడా మారలేదు.

స్వాతంత్ర్యం తర్వాత పదేళ్లపాటు ఉదారవాదానికి వేరే ఇల్లు లేదు. నెహ్రూ స్వయంగా పార్లమెంటునూ పత్రికా స్వేచ్ఛనూ గౌరవించే మనిషి. రాజకీయ స్వేచ్ఛ వరకు ఆయనే ఉదారవాది. ఆర్థిక విషయాల్లోనే పేచీ. పరిశ్రమ పెట్టాలంటే లైసెన్సు, దిగుమతికి పర్మిట్, సిమెంటుకు కోటా. ఇవన్నీ పట్టణాల గొడవలే అనుకుంటూ ఉండగా 1959 జనవరిలో కాంగ్రెస్ నాగపూర్ మహాసభ ఊళ్లను కదిలించింది.

ఉమ్మడి సహకార వ్యవసాయమే భవిష్యత్తు పద్ధతి అని ఆ సభ తీర్మానించింది. భూములన్నీ ఒక్కచోట కలిపి సాగు చేస్తారు. హక్కు రైతుదే, భూమి వంతు ప్రకారం పంటలో వాటా వస్తుంది, పనిచేసిన వాళ్లకు పనికి తగ్గ వాటా ఉంటుంది. ముందు మూడేళ్లలో సేవా సహకార సంఘాలు, ఆ తర్వాత ఉమ్మడి సాగు. భూపరిమితి చట్టాలు ఆ ఏడాది చివరికల్లా పూర్తి కావాలి. కాగితం మీద హక్కు రైతుదేనన్నారు గాని, గట్లు చెరిపేశాక తన చేను ఎక్కడుందో చూపించలేని హక్కు ఏం హక్కని రైతులు భయపడ్డారు. చైనా కమ్యూన్ల వార్తలు అప్పటికే వస్తున్నాయి. నాగపూర్ వేదిక మీదే ఉత్తరప్రదేశ్ నాయకుడు చరణ్ సింగ్ ఈ ఆలోచనను గట్టిగా వ్యతిరేకించారు. ఆయన మాత్రం కాంగ్రెస్ వదల్లేదు. వదిలింది రంగా.

ఇక్కడ రంగా ఎవరో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. 1900లో పుట్టారు, ఆక్స్‌ఫర్డ్‌లో ఆర్థికశాస్త్రం చదివారు, తిరిగొచ్చి నిడుబ్రోలులో రైతుల కోసం రాజకీయ పాఠశాల పెట్టారు. జమీందారీ రైతుల పోరాటాల్లో ఆయనది పెద్ద పేరు. 1937-38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా సాగిన రైతు యాత్ర ఆ ఉద్యమంలోదే. అంటే స్వతంత్ర పార్టీ మొదటి అధ్యక్షుడు జమీందార్ల మనిషి కాదు, జమీందార్లతో తలపడిన మనిషి. 1951లోనే కాంగ్రెస్‌ను వదిలి కృషికార్ లోక్ పార్టీ పెట్టి, 1955 ఆంధ్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులకు ఎదురుగా కాంగ్రెస్‌తో కలిసి నిలబడి, మళ్లీ కాంగ్రెస్‌లోకి వెళ్లారు. నాగపూర్ తీర్మానం ఆయన్ని రెండోసారి బయటికి తెచ్చింది.

1959 జూన్‌లో మద్రాసులో కొత్త పార్టీ ప్రకటన వెలువడింది. ఆగస్టులో బొంబాయిలో సన్నాహక మహాసభ జరిగింది. అసలు ఊపిరి రాజాజీగా పేరున్న చక్రవర్తి రాజగోపాలాచారిది. అప్పటికి ఆయనకు 80 ఏళ్లు. మినూ మసానీ ప్రధాన కార్యదర్శి. కె.ఎం. మున్షీ, హోమీ మోదీ, సంస్థానాల విలీనంలో పటేల్‌కు కుడిభుజమైన వి.పి. మీనన్ వచ్చి చేరారు. రాజాజీ రాతలకు ‘స్వరాజ్య’ పత్రిక వేదికైంది. దాన్ని నడిపిన ఖాసా సుబ్బారావు తెలుగువాడే.

తెలుగు రైతులు రాజాజీ వెనక నడవడం మామూలు సంగతి కాదు. 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములు మద్రాసులో నిరాహార దీక్షలో ప్రాణాలు విడిచినప్పుడు అక్కడ ముఖ్యమంత్రి రాజాజీయే. ఆంధ్రలో ఆ గాయం మానలేదు. ఏడేళ్లకే అదే మనిషితో చెయ్యి కలిపారంటే భూమి మీద భయం ఎంత పెద్దదో ఊహించవచ్చు. ఇంకో సంగతి కూడా పనిచేసి ఉండాలి. ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే, 1952లో, రాజాజీ ఆహార ధాన్యాల మీద కంట్రోలు ఎత్తేశారు. ధాన్యం అమ్ముకోవడానికి అధికారి చుట్టూ తిరిగిన రైతుకు అది ఎలాంటి ఊరటో వేరే చెప్పక్కర్లేదు.

పార్టీ 21 మూల సూత్రాలు రాసుకుంది. ఆస్తి హక్కు, వృత్తి స్వేచ్ఛ, తక్కువ పన్నులు, పరిమిత ప్రభుత్వం వంటివి అందరూ ఊహించేవే. చివరి సూత్రం మాత్రం ప్రపంచంలో ఏ పార్టీలోనూ తేలిగ్గా దొరకదు. ఈ సూత్రాల పరిధిలోకి రాని అన్ని విషయాల్లోనూ సభ్యులకు పూర్తి స్వేచ్ఛ ఉంటుందని అది చెబుతుంది. ఇది అలంకారం కాదనడానికి ఆంధ్రలోనే రుజువుంది. రాజాజీ జీవితమంతా మద్యనిషేధం కోసం పోరాడారు. సర్దార్ గౌతు లచ్చన్న నిషేధం వల్ల పొట్టగడవని గీత కార్మికుల కోసం సత్యాగ్రహం చేశారు. 1954లో ప్రకాశం మంత్రివర్గం ఒక్క ఓటుతో కూలిపోయింది ఆ నిషేధం గొడవలోనే. ఆ ఇద్దరూ ఒకే పార్టీలో, ఒకరినొకరు వదులుకోమనకుండా ఉన్నారు. హైకమాండ్ కనుసన్నల్లో నడిచే నేటి పార్టీలు చూసి నేర్చుకోవలసిన సంప్రదాయం అది.

ఆంధ్రలో పార్టీకి నిజమైన పరీక్ష 17వ రాజ్యాంగ సవరణ. జమీందారీల రద్దుకు అడ్డం రాకుండా ‘ఎస్టేట్ల’ స్వాధీన చట్టాలను కోర్టులు కొట్టేయకూడదని 1951లోనే మొదటి సవరణ చేశారు. రైత్వారీ పట్టా భూమి ఎస్టేట్ కిందికి రాదని కేరళ చట్టం కేసులో సుప్రీంకోర్టు 1961 చివర్లో తేల్చింది. దాంతో 1964లో 17వ సవరణ తెచ్చి, ఎస్టేట్ అన్న మాటకు అర్థం పెంచి రైత్వారీ భూమిని అందులో చేర్చారు. 44 చట్టాలను, కోర్టులు కొట్టేయకుండా కాపాడే తొమ్మిదో షెడ్యూల్లో పెట్టారు. తాతముత్తాతల నుంచి సర్కారుకు నేరుగా శిస్తు కట్టి పట్టా చేతబట్టుకున్న కోస్తా రైతుకు ఎస్టేట్ అంటే జమీందారుది, తాము పోరాడి రద్దు చేయించినది. ఇప్పుడు తన నాలుగెకరాలకు అదే పేరు పెట్టారు. చిత్తూరు ఉపఎన్నికలో గెలిచి లోక్‌సభలో ఉన్న రంగా దాన్ని ఎదిరించారు. సవరణ ఆగలేదు. కానీ అందులో ఒక రక్షణ చేరింది: పరిమితికి లోబడి సొంతంగా సాగు చేసుకునే భూమిని మార్కెట్ విలువ చెల్లించకుండా ప్రభుత్వం తీసుకోరాదు. రాజ్యాంగం 31ఎ అధికరణంలో ఆ మాట ఇవాళ్టికీ ఉంది.

ఇదే పార్టీ ఉత్తరాన చూస్తే వేరుగా కనబడుతుంది. 1962లో తొలి ఎన్నికల్లోనే లోక్‌సభలో 18 స్థానాలు వచ్చాయి. జైపూర్ మహారాణి గాయత్రీదేవి లక్షా 90 వేలకు పైగా ఓట్లు తెచ్చుకుని గెలిచారు. బీహార్‌లో రామ్‌గఢ్ రాజా ఒక్కడి పలుకుబడితో 50 శాసనసభ స్థానాలు దక్కాయి. ఆయన పార్టీ వదిలి వెళ్లాక 1967లో అక్కడ పార్టీ దాదాపు కనిపించలేదు. ఒరిస్సాలో మాజీ సంస్థానాధీశుల గణతంత్ర పరిషత్ మొత్తంగా వచ్చి కలిసింది. దాని బలంతోనే 1967లో ఆర్.ఎన్. సింగ్ దేవ్ అక్కడ సంకీర్ణ ముఖ్యమంత్రి అయ్యారు. గుజరాత్‌లో 66 స్థానాలతో పార్టీ గట్టి ప్రతిపక్షమైంది. ఆంధ్రలో 1962లో 19, 1967లో 29. అంకె చిన్నదే. అయితే ఆ ఓటు కోట గుమ్మంలోంచి రాలేదు. లచ్చన్న ప్రతిపక్ష నాయకుడయ్యారు. ఆయన గెలిచి వదులుకున్న శ్రీకాకుళం లోక్‌సభ స్థానం నుంచి రంగా పార్లమెంటుకు వెళ్లారు. గీత కార్మికుల నాయకుడు రైతు నాయకుడికి సీటు ఇచ్చిన ఆ సంఘటనకు, రామ్‌గఢ్ రాజా వ్యవహారానికి పోలికే లేదు.

సమస్యల్లా రాజాజీ, మసానీ సీట్లు త్వరగా కావాలనుకోవడం. ఊరూరా సంఘాలు కట్టాలంటే పదిహేనేళ్లు పడుతుంది. రాజావారు వస్తే ఒక్క రోజులో జిల్లా వస్తుంది. రంగా రైతు పాఠశాలను దేశమంతా విస్తరించే ఓపిక పార్టీకి లేకపోయింది. ఇది దాని మొదటి తప్పు. రెండోది ఇంకా లోతైనది. ఆస్తి హక్కును కాపాడతామన్న మాట ఆస్తి ఉన్నవాడికి వినబడినట్టు లేనివాడికి వినబడదు. కౌలుదారుకు రాతపూర్వక హక్కు, కూలీకి కొద్దిపాటి భూమి, దళితుడికి సంతలో సమాన ప్రవేశం: ఇవి కూడా స్వేచ్ఛ ప్రశ్నలే. పార్టీ వాటిని తనవిగా చేసుకోలేదు. పల్లెలో సగం మంది దానిలో తమ మొహం చూసుకోలేకపోయారు. ఆంధ్రలో గీత కార్మికులు వచ్చారంటే తమ వృత్తి స్వేచ్ఛ కోసం లచ్చన్న నిలబడ్డాడు కాబట్టే. దారి ఎటో ఆ ఒక్క ఉదాహరణ చూపించింది. పార్టీ ఆ దారిన ముందుకు వెళ్లలేదు.

1969లో ఇందిరాగాంధీ 14 బ్యాంకులను జాతీయం చేశారు. స్వతంత్ర పార్టీ నాయకుడు ఆర్.సి. కూపర్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. నానీ పాల్కీవాలా వాదించారు. 1970 ఫిబ్రవరిలో కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. న్యాయచరిత్రలో అది గొప్ప తీర్పు. ప్రభుత్వ చర్య పౌరుడి మీద చూపే ప్రభావాన్ని బట్టి హక్కుల ఉల్లంఘనను తూచాలన్న సూత్రం దానిలోంచే వచ్చింది. రాజకీయంగా మాత్రం అది పార్టీకి దెబ్బ. బ్యాంకులు పేదలకు తలుపులు తెరుస్తాయని జనం నమ్ముతున్న వేళ, వాటి యజమానుల పక్షాన కోర్టుకెక్కిన పార్టీగా స్వతంత్ర మిగిలింది. నెలల్లోపే ప్రభుత్వం కొత్త చట్టంతో బ్యాంకులను మళ్లీ తీసుకుంది. అదే 1969లో కంపెనీలు పార్టీలకు విరాళాలివ్వడాన్ని నిషేధించారు. కాంగ్రెస్‌కు అధికారం ఉంది, వేరే దారులున్నాయి. బహిరంగంగా చెక్కు తీసుకునే ప్రతిపక్షానికి ఊపిరాడలేదు.

1971లో స్వతంత్ర తన మాటను పక్కన పెట్టి జనసంఘ్, కాంగ్రెస్ చీలికలో ఇందిరకు ఎదురు నిలిచిన సంస్థా కాంగ్రెస్, సోషలిస్టులతో మహాకూటమి కట్టింది. సోషలిజాన్ని ఎదిరించడానికి పుట్టిన పార్టీ సోషలిస్టులతో కలిసి ‘ఇందిరా హటావో’ అంది. ఆమె ‘గరీబీ హటావో’ అన్నారు. స్వతంత్రకు 8 స్థానాలు, 3 శాతం ఓట్లు మిగిలాయి. 1972 డిసెంబరు 25న రాజాజీ కన్నుమూశారు. రంగా కాంగ్రెస్‌కు తిరిగి వెళ్లి, తర్వాత గుంటూరు నుంచి మూడుసార్లు ఎంపీ అయ్యారు. 1974 ఆగస్టులో పీలూ మోదీ నాయకత్వంలో పార్టీ భారతీయ లోక్‌దళ్‌లో కలిసింది. దాని నాయకుడు, పదిహేనేళ్ల కిందట నాగపూర్‌లో లేచి నిలబడిన ఆ చరణ్ సింగే.

ఆ తర్వాత జరిగినది మరింత మనసు కలచివేస్తుంది. లోక్‌దళ్ 1977లో జనతా పార్టీలో కలిసి అధికారంలోకి వచ్చింది. ఆ జనతా ప్రభుత్వమే 1978లో 44వ సవరణతో ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసింది. ఎమర్జెన్సీ చీకటిని తుడిచిన గొప్ప సవరణ అది. ప్రాణానికీ స్వేచ్ఛకూ ఉన్న హక్కును అత్యవసర పరిస్థితిలోనూ తీసేయలేని విధంగా గట్టిపరిచింది. ఆ మంచితో పాటే స్వతంత్ర పార్టీ ప్రాణంగా చూసుకున్న హక్కు 300ఎ అధికరణానికి, మామూలు చట్టపరమైన హక్కు స్థాయికి దిగింది. తర్వాతి దశాబ్దాల్లో రోడ్లకూ ప్రాజెక్టులకూ సెజ్‌లకూ (ప్రత్యేక ఆర్థిక మండళ్లకూ) భూములు పోయినప్పుడు నిస్సహాయంగా నిలబడింది రాజులు కాదు, కోటీశ్వరులూ కాదు. రెండు మూడు ఎకరాల రైతులు.

లైసెన్సుల వ్యవస్థను చివరికి విప్పింది కాంగ్రెస్సే. 1991 జులై 24న చాలా పరిశ్రమలకు లైసెన్సు అక్కర్లేదన్న విధానం వచ్చింది. ప్రధాని పి.వి. నరసింహారావు. 1972లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా భూపరిమితి కోసం పట్టుబట్టి, జై ఆంధ్ర ఉద్యమం నడుమ పదవి కూడా పోగొట్టుకున్న మనిషి ఆయన. రాజాజీ 1959లో అడిగిందాన్ని 32 ఏళ్ల తర్వాత ఆయన చేశారు, అదీ విదేశీ మారకం అడుగంటినప్పుడు. అందుకే సంస్కరణలకు ఈ దేశంలో ఒక ఇబ్బంది పుట్టుకతోనే వచ్చింది. ఏ పార్టీ కూడా ఇది మా నమ్మకం అని జనం ముందు పెట్టి ఓటు అడగలేదు. స్వతంత్ర బతికి ఉంటే, కనీసం ఆ వాదనను గ్రామసభల్లో చెప్పేవాళ్లు కొందరైనా ఉండేవాళ్లు.

తర్వాత ప్రయత్నాలు జరిగాయి. మహారాష్ట్రలో రైతు నాయకుడు శరద్ జోషి 1994లో స్వతంత్ర భారత్ పక్ష పెట్టారు. తెలుగునాట జయప్రకాశ్ నారాయణ్ 2006 అక్టోబరు 2న లోక్‌సత్తాను పార్టీగా మార్చారు. అధికార వికేంద్రీకరణ, చట్టబద్ధ పాలన, డబ్బు పంచని ఎన్నికలు దాని మాటలు. 2009లో కూకట్‌పల్లిలో ఆయన ఒక్కరే గెలిచారు. నగరాల్లో చదువుకున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. పల్లెల్లో పునాది పడలేదు. లిబరల్ ఫెడరేషన్ నాటి జబ్బే మళ్లీ తిరగబెట్టింది.

ఇక చట్టం వైపు నుంచి ఒక అడ్డంకి. 1976లో 42వ సవరణ రాజ్యాంగ పీఠికలో సోషలిస్టు అన్న మాట చేర్చింది. 1989 నుంచి అమల్లోకి వచ్చిన ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఎ సెక్షన్ ప్రకారం, రిజిస్టరు కావాలనుకునే ప్రతి పార్టీ తన నియమావళిలో సోషలిజానికి కట్టుబడి ఉంటామని రాసి ఇవ్వాలి. 1974 విలీనానికి ఒప్పుకోని మహారాష్ట్ర స్వతంత్ర శాఖ వాళ్లు నమ్మని మాట రాయలేమంటూ 1990ల్లో బొంబాయి హైకోర్టుకు వెళ్లారు. ఆ సెక్షన్ ఇంకా అలాగే ఉంది. 1959 ఆగస్టులో బొంబాయిలో కూర్చుని రాసుకున్న ఆ 21 సూత్రాలను పట్టుకుని ఇవాళ ఎవరైనా ఎన్నికల సంఘం దగ్గరికి వెళ్తే, 22వ వాక్యంగా దాన్ని కూడా చేర్చి సంతకం పెట్టాలి.